నలుగురి ఇళ్ళు కలిసిన మా ఇల్లు

ముమ్మిడివరం దగ్గర మా ఊళ్ళో ఉన్న ఇంటిని చూసి ఎవరైనా "ఎన్నేళ్ళయింది కట్టి?" అని అడిగితే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. గోడలు లేచింది 1997లో. కానీ ఆ గోడల్లో ఇటుకలు మా ముత్తాత నాటివి, సింహద్వారం పక్క ఊరి వాళ్ళది, పడమటి గది కిటికీలు యానాంవి, వంటింటి మీద పెంకులు ఎవరెవరి ఇళ్ళ నుంచో ఏరుకొచ్చినవి, వాసాలేమో మా తోటలోనే పడిపోయిన కొబ్బరి చెట్లు. ఈ మధ్య ఆ ఇంటికి మళ్ళీ మరమ్మతులు మొదలుపెట్టాం. దాంతో అప్పటివన్నీ వరసపెట్టి గుర్తొస్తున్నాయి, అందుకే రాస్తున్నాను, కాస్త పెద్దదైతే ఓపిక పట్టండి.

1996 నవంబర్ 6. కోనసీమ వాళ్ళకి ఈ తేదీ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకో నాలుగు రోజుల్లో దీపావళి, మతాబులు ఎండలో పెట్టుకోవాల్సిన రోజులు, అలాంటిది ఆ సాయంత్రం మొదలైన గాలి రాత్రంతా ఆగలేదు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఇంటికి ఇల్లే లేకుండా పోయిన కుటుంబాలున్నాయి, వాళ్ళ ముందు మనది నష్టమే కాదని నాన్న ఎప్పుడూ అనేవారు. మాకు మనుషులం మిగిలాం, ఇల్లు పోయింది. తెల్లారి చూస్తే మండువా లోగిలిలో సగం లేదు. పెంకులు ఎగిరిపోయి దొడ్డంతా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి, పడమటి గోడ మీద కొబ్బరి చెట్టు అడ్డంగా పడుంది. తోటల వైపు చూడబుద్ధి కాలేదు. నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సిన పరిస్థితి.

కొబ్బరే మా రాబడి. మళ్ళీ మొక్క పెట్టి అది కాపుకొచ్చేదాకా ఏళ్ళు పడుతుంది. ఎవరి చేతుల్లోనూ డబ్బు లేని ఆ సమయంలోనే లారీలేసుకుని వ్యాపారులు దిగారు. పడిపోయిన ఇళ్ళ దూలాలు, స్తంభాలు, తలుపులు అన్నీ దాదాపు వంటచెరుకు ధరకే అడిగేవాళ్ళు. పిల్లల తల మీదకి ముందు రేకులు కొనాలి కదా, చాలామంది ఇచ్చేశారు, వాళ్ళని అనడానికి ఏమీ లేదు. నాన్న మాత్రం ఒక్క పుల్ల బయటికి పోనివ్వలేదు. దానికి కారణం మా వడ్రంగి తాత.

ఆయన మాకు చుట్టం కాదు, ఊళ్ళో పిల్లలందరం అలాగే పిలిచేవాళ్ళం. తుపాను తర్వాత మా దొడ్లోకి వచ్చి, వానకి నాని నల్లగా ఉన్న ఒక దూలం పక్కన గొంతుక్కూర్చుని, ఉలితో చిన్న పెచ్చు లేపి ముక్కు దగ్గర పెట్టుకుని, నా ముక్కు దగ్గరా పెట్టారు. పైన బూజు వాసన, లోపల మాత్రం జిడ్డుగా, ఘాటుగా, అప్పుడే కోసిన కర్ర వాసన. పెచ్చు లేచిన చోట తేనెరంగు. "బాబూ, ఇది రంగం కర్రండి. వందేళ్ళయినా లోపల నూనె ఆరలేదు చూడండి. దీన్ని పొయ్యిలో పెడితే పాపం తగులుద్దండి" అన్నారు నాన్నతో.

ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు, రంగం అంటే రంగూన్. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు వేలకొద్దీ కూలికీ వ్యాపారానికీ ఓడలెక్కి బర్మా వెళ్ళేవాళ్ళు, వచ్చే ఓడల్లో టేకు వచ్చేది. గోదావరి జిల్లాల్లో పాత లోగిళ్ళలో స్తంభాలూ దూలాలూ చాలావరకు ఆ టేకే. టేకులో ఉండే నూనెకి చెద దగ్గరికి రాదు. అయితే అది చేవకి, అంటే లోపలి గట్టి కర్రకి మాత్రమే, పైనుండే తెల్లచెక్కని చెద తినేస్తుంది. మా దూలాల్లోనూ అదే జరిగింది, పైన వేలు పెట్టి గీకితే పొడి రాలేది, కాస్త లోపలికి వెళ్తే ఉలి దిగేది కాదు. పైన పుచ్చు చూసి మొత్తం పాడైందని అమ్మేసినవాళ్ళు ఎంతమందో అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ ఇంటిని కూల్చలేదు, విప్పారు. స్తంభం మీద దూలం, దూలం మీద దంతెలు, ఒక కర్ర కొసని సన్నగా చెక్కి రెండో కర్ర బెజ్జంలో దిగగొట్టి, జారకుండా అడ్డంగా కర్ర చీల వేసి బిగించిన ఇల్లు అది. ఇనప మేకులు తక్కువ. ఆ చీలని ఏ వైపు నుంచి కొడితే వస్తుందో తాతకి చూడగానే తెలిసిపోయేది, తప్పు వైపు నుంచి కొడితే బెజ్జం పగిలిపోతుంది. ఏ కర్ర ఏ మూలదో జాజుతో గుర్తులు పెట్టేవారు, ఆ గుర్తులు కొన్ని వసారాలో దూలం పైభాగాన ఇంకా ఉన్నాయి. ఇనప మేకులున్న కర్రలతో ఇంకో చిక్కుంది. లోపల విరిగిపోయిన మేకు ముక్క కనబడదు, కోతకి పెడితే రంపం పళ్ళు పోతాయి. అందుకని కోతకి ముందు ఆయన ప్రతి కర్రనీ అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివరదాకా నిదానంగా తడిమేవారు, అనుమానం వచ్చిన చోట సుద్దతో సున్నా చుట్టేవారు. తీసిన మేకుల్ని రాయి మీద పెట్టి సాగదీసే పని అన్నయ్యది.

నాది ఇటుకల పని. పడిపోయిన గోడ దగ్గర కూర్చుని ఒక్కో ఇటుకకి అంటుకున్న సున్నాన్ని పాత కత్తితో రాల్చడం. గానుగ సున్నంతో కట్టిన గోడ అది, ఎద్దుల గానుగలో ఇసకా సున్నం కలిపి రుబ్బి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నానేసిన నీళ్ళూ పోసి కట్టేవాళ్ళట. రెండు దెబ్బలు వేస్తే సున్నం పెచ్చులుగా ఊడిపోయి ఇటుక శుభ్రంగా చేతికొచ్చేది, అంచులు కూడా చెడేవి కావు. పగిలిన ఇటుకలు ఒక పోగు, అవి గచ్చు కింద వేయడానికి. రాలిన సున్నం ఇంకో పోగు, అది మెరక చేయడానికి. మా బడి ఇంకా తెరవలేదు కాబట్టి పొద్దున్నుంచీ అదే పని, చేతులు పగిలి మండేవి, రాత్రి మామ్మ వెన్న రాసేది.

పెంకుల పరీక్ష నాన్నే చేసేవారు. ఒక చేత్తో పెంకుని అంచు పట్టుకుని వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో కొట్టి వినేవారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా డబ్‌మంటే కంటికి కనబడని బీట ఉన్నట్టు, అది వానకి కారుతుంది. మావి చాలక, రేకులు వేసుకుంటున్న వాళ్ళ దగ్గర మిగిలిన పెంకులు అడిగి తెచ్చుకున్నాం, కొందరు డబ్బు తీసుకున్నారు, ఎక్కువమంది పట్టుకెళ్ళండి అన్నారు. తిరగేసి చూస్తే ఒక్కో పెంకు మీద ఒక్కో ఫ్యాక్టరీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు గుద్ది ఉండేది, నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నది ఆ పెంకుల మీదే. ఈ రకం పెంకుకి మూలం మంగుళూరు, 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషన్ వాళ్ళు నేత్రావతి ఒడ్డున మొదటి ఫ్యాక్టరీ పెట్టారు, అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. ఒకదాని గాడిలో ఒకటి కూర్చునే పెంకు కాబట్టి ఏ కంపెనీదైనా కాస్త అటూ ఇటూగా కలిసిపోతుంది అనుకున్నాం గానీ అలా ఏం కాదు, గాడి లోతు నూలు తేడా వస్తే చాలు కూర్చోదు. అందుకని ఒక్కో గది మీద ఒక్కో రకం వేశారు. దూరం నుంచి మా ఇంటి కప్పు చూస్తే నాలుగు రకాల ఎరుపు కనిపించేది.

వాసాలకి మాత్రం కర్ర చాల్లేదు. తోటలో పడున్న కొబ్బరి మానుల్ని ఏం చేయాలో తెలీక అందరూ తలలు పట్టుకుంటుంటే, ముదురు చెట్ల మొదలు భాగం పనికొస్తుందని తాతే చెప్పారు. కొబ్బరి మానుకి బయటి వైపు గట్టి, నడుమ బెండు. తాడిచెట్టూ అంతే. పైభాగం తీసేసి, మొదటి వైపు దుంగల్ని నిలువునా చీల్చి, బెండు చెక్కేసి, చెరువులో నానేసి, నీడలో ఆరబెట్టారు. చెద పట్టకుండా మోరి వైపు నుంచి జీడిపిక్కల నూనె తెప్పించి పూశారు. ఆ నూనె ఒంటికి తగిలితే కాలుతుంది, పూసిన వాళ్ళందరికీ చేతులు బొబ్బలెక్కాయి. ఇలాంటివి ఇప్పుడు ఎవరైనా చేస్తే చేతికి తొడుగులు వేసుకోండి, దయచేసి. ఆ వాసాలు ఇన్నేళ్ళ తర్వాత కూడా ముట్టుకుంటే నల్లగా, నున్నగా, రాయిలా ఉన్నాయి.

సింహద్వారం సంగతి వేరు. మా పాత గుమ్మం కొబ్బరి చెట్టు కింద నలిగి చీలిపోయింది. పక్క ఊళ్ళో అన్నదమ్ములు పంచుకుని తీసేస్తున్న ఇంటి ద్వారబంధం ఉందని తెలిసి నాన్న బండి కట్టించుకుని వెళ్ళి తెచ్చారు. పైకమ్మి మీద తామరపువ్వులు, రెండు పక్కలా చిలకలు, మూరెడు మందాన గడప. మామ్మకి అస్సలు నచ్చలేదు. "ఒరే అబ్బాయ్, ఒకళ్ళింటి గడప మనింటికి తెచ్చుకుంటార్రా ఎవరైనా? ఆ ఇంట్లో ఏం జరిగిందో ఏంటో" అని రెండ్రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. నాన్న ఎదురు చెప్పలేదు. ఆ ఇంటి పెద్దావిణ్ణే మా ఇంటికి తీసుకొచ్చారు. ఆవిడ వచ్చి దొడ్లో బోర్లించి పెట్టిన గడప మీద చెయ్యి వేసి, ఈ గడప దాటి ఎవరెవరు పెళ్ళికూతుళ్ళై వెళ్ళారో, ఎన్ని పురుళ్ళు పోసుకుని పిల్లల్ని ఎత్తుకుని లోపలికి వచ్చారో మామ్మకి పేరుపేరునా చెప్పింది. ఇద్దరూ కాఫీలు తాగారు. ఆవిడ వెళ్ళాక మామ్మ లేచి గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది, ఇంకేం మాట్లాడలేదు.

ఆ ద్వారం పొట్టిది, పొడుగ్గా ఉన్నవాళ్ళు తల వంచాల్సిందే. మేస్త్రి గోడ కట్టేముందు ద్వారబంధాన్ని నిలబెట్టి, దాని కొలతకి సందు వదిలి కట్టుకుంటూ వచ్చాడు. కిటికీలకీ అంతే. పాత సామానుతో కట్టేవాళ్ళకి ప్లాను ముందు రాదు, ముందు సామాను దొరకాలి, దొరికిన దాన్ని బట్టి గోడ ఎక్కడ ఆగాలో తేలుతుంది. దాంతో మా ఇంట్లో ఏ రెండు కిటికీలూ ఒక ఎత్తులో ఉండవు, చిన్నప్పుడు స్నేహితులు వచ్చి విచిత్రంగా చూసేవాళ్ళు, నాకు మాత్రం ఒక్కో కిటికీలోంచి ఆకాశం ఒక్కోలా కనబడటం బాగుండేది.

యానాం కిటికీలంటే నాకు ప్రాణం. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది కదా, అక్కడ పాత మేడలకి ఉండే కిటికీ రెక్కలు మనవాటిలా ఉండవు. పలకల తలుపు బదులు సన్నని చెక్క పట్టీలు వరసగా వాల్చి ఉంటాయి, మధ్యలో నిలువుగా ఒక పుల్ల, దాన్ని పైకి తోస్తే పట్టీలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, కిందికి లాగితే మూసుకుంటాయి. వాన లోపలికి రాదు, గాలి వస్తుంది, లోపలున్నవాళ్ళు బయటికి కనబడరు. ఏదో పాత మేడ తీసేస్తుంటే అవి బేరమాడి, ఎదుర్లంక వైపు పంటు మీద గౌతమి దాటించి తెచ్చారు. అప్పటికి వంతెన లేదు, 2002లో కదా వచ్చింది. పంటు మీద ఆ రెక్కల్ని నిలబెట్టి పట్టుకుని ఉన్న నాన్న, గాలికి వాటి పట్టీలు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు, నేను అన్నయ్య పక్కన మూటల మీద కూర్చుని ఉండటం... వేసవి మధ్యాహ్నాలు ఆ పుల్లని కొద్దిగా తోసి పెట్టి, గచ్చు మీద పడే వెలుగు చారల్లో పడుకుని చదువుకున్నాను నేను. ఇంటర్ పరీక్షల టెన్షన్ అంతా ఆ చారల మధ్యే గడిచింది.

ఉద్యోగంలో చేరాక ఓసారి పని మీద తిరువనంతపురం వెళ్ళినప్పుడు సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూశాను. ఆర్కిటెక్టు లారీ బేకర్ కట్టిన ఆవరణ అది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో 1917లో పుట్టి, గాంధీగారిని కలిసి, ఇక్కడే ఉండిపోయి, 2007లో కేరళలోనే కన్నుమూసిన మనిషి. విరిగిన పెంకులు, పాత తలుపులు, ఖాళీ సీసాలు, ఏవీ పారేయకుండా వాటితోనే అందమైన ఇళ్ళు కట్టారు. అక్కడి ఇటుక జాలీ గోడల మధ్య నడుస్తుంటే నాకు నాన్న, వడ్రంగి తాత గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. లేమి వల్ల మేం చేసిన పనినే ఒక పెద్ద ఆర్కిటెక్టు జీవితమంతా ఇష్టంగా చేశాడని తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

ఇప్పటి మరమ్మతుల్లో బేకర్ పద్ధతి ఒకటి వాడాం. వెనక రెండు గదులకి పెంకులు తీసి స్లాబు వేయాల్సి వచ్చింది, కోతుల వల్ల. తీసిన పెంకుల్ని ఏం చేయాలి? స్లాబులో పైభాగం నొక్కుకుని ఉంటుంది, అడుగు భాగం సాగుతూ ఉంటుంది, ఆ సాగుడిని మోసేది ఇనుము, అక్కడుండే కాంక్రీటు చాలావరకు ఉత్త బరువే. అందుకని ఇనప చువ్వల మధ్య గళ్ళలో రెండేసి పెంకులు ఒకదాని మీద ఒకటి బోర్లించి, పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు కలిసొస్తుంది, బరువు తగ్గుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వల్ల వేడీ తగ్గుతుంది. మా మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, ఇంజనీరు చేత చువ్వల లెక్క వేయించి చూపించాక ఒప్పుకున్నాడు. లెక్క లేకుండా మాత్రం ఎవరూ చేయకండి, ఇది తల మీద ఉండే కప్పు. కింద నుంచి చూస్తే పెంకుల వరస అలాగే కనిపిస్తుంది, సున్నం వేయొద్దని చెప్పాను.

అదే పనిలో 2004లో కట్టిన బాత్రూము కూడా తీయాల్సి వచ్చింది, అప్పుడు అర్థమైంది అసలు తేడా. సిమెంటుతో కట్టిన గోడ అది. సుత్తి వేస్తే సిమెంటు ఊడదు, ఇటుకే పగులుతుంది, ఎందుకంటే అతుకు ఇటుక కంటే గట్టిది. మొత్తం గోడలో నిండు ఇటుకలు ఒక తట్టెడు కూడా రాలేదు. మా ముత్తాత ఇల్లు పడిపోయి కూడా ఇంకో ఇంటికి సరిపడా ఇచ్చింది, మేం కట్టినది చెత్త తప్ప ఏమీ ఇవ్వలేదు. హైదరాబాద్‌లో మా కాలనీలో ముప్ఫై ఏళ్ళు కూడా నిండని ఇళ్ళని పొక్లెయిన్లతో పడగొడుతున్నారు, ఇనుము కిలోల లెక్కన అమ్ముకుంటారు, మిగతాది లారీల్లో పోతుంది, రాత్రిపూట చెరువు గట్ల మీద పోసి వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. 2016లో కేంద్రం ఈ శిథిలాల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది, జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో వీటిని పొడి చేసి మళ్ళీ ఇసక, కంకరగా మార్చే ప్లాంట్లు పెట్టారు, మంచిదే. కానీ తలుపు తలుపుగా, ఇటుక ఇటుకగా ఇంకో ఇంటికి వెళ్ళడం వేరు, పొడి అయి వెళ్ళడం వేరు.

పాతదైతే చాలు, అన్నీ దాచుకోమని నేననను. పాత ఆస్బెస్టాస్ రేకుల్ని కోయకండి, విరగ్గొట్టకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పాత రంగులతోనూ జాగ్రత్త, చాలావాటిలో సీసం ఉంటుంది. యానాం కిటికీల మీద పొరలు పొరలుగా ఉన్న ఆకుపచ్చ రంగుని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దనివ్వలేదు నేను, తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని గీకించాను.

ఆ కిటికీల దగ్గరే ఇప్పుడు పని ఆగింది. వడ్రంగి తాత లేరు, వాళ్ళ పిల్లలెవరూ ఈ పనిలో లేరు. ఒక రెక్కలో తొమ్మిది పట్టీలు విరిగాయి, ఇంకోదాంట్లో మధ్య పుల్లకి పట్టీలని కలిపే సన్నని తీగ కొక్కేలు తుప్పుపట్టి ఊడిపోయాయి. పిలిచిన వడ్రంగులందరూ చూసి, తీసేసి యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకోండి మేడమ్, వారంలో అయిపోతుంది అంటున్నారు. పట్టీలకి కావలసిన టేకు నా దగ్గరే ఉంది, పాత దూలం ముక్కలు అటక మీద దాచాం. కావలసింది వాటిని సన్నగా చీల్చి, రెండు చివర్లా గుండ్రంగా చెక్కి, చట్రం బెజ్జాల్లో తిరిగేలా కూర్చగలిగిన చెయ్యి. కాకినాడ, యానాం, అమలాపురం, రాజమండ్రి చుట్టుపక్కల అలాంటి పని తెలిసినవాళ్ళు ఎవరైనా మీ ఎరికలో ఉంటే చెప్పండి. ఎంత పెద్దాయనైనా ఫర్వాలేదు, కారులో తీసుకొచ్చి, ఇంట్లోనే ఉంచుకుని, పని పూర్తయ్యాక మళ్ళీ దింపి వస్తాం. పక్కన కూర్చుని నేర్చుకోడానికి మా అన్నయ్య కొడుకు సిద్ధంగా ఉన్నాడు.